సొంత స్టెమ్ సెల్స్‌తో ట్రీట్‌మెంట్, చేయించినవాళ్ళు కాస్త చెప్పండి

వెన్నెల: అమ్మకి మల్టిపుల్ మైలోమా అండి, ఎముక మూలుగలో వచ్చే బ్లడ్ క్యాన్సర్, 62 ఏళ్ళు. కీమోలు అయ్యాయి, ఇప్పుడు తన స్టెమ్ సెల్సే తీసి మళ్ళీ తనకే ఎక్కిద్దాం అంటున్నారు డాక్టర్లు. జబ్బున్న మనిషివి ఆ మనిషికే ఎక్కిస్తే జబ్బెలా తగ్గుద్ది? నిద్ర పట్టట్లేదు నాకు.

బాటసారి: మా నాన్నకి చేయించి మూడేళ్ళయింది, అప్పుడు నాకూ ఇదే డౌటు. జబ్బుని కొట్టేది ఆ సెల్స్ కాదండి, మెల్ఫలాన్ అనే కీమో, అది బాగా పెద్ద డోసులో ఇస్తారు, ఆ దెబ్బకి ఎముక మూలుగ కూడా పోతుంది, అందుకని ముందే సెల్స్ తీసి ఫ్రీజ్ చేసి తర్వాత ఎక్కిస్తారు, అవెళ్ళి మూలుగలో కుదురుకుని మళ్ళీ రక్తం తయారుచేస్తాయి. తీసేముందు కొన్ని రోజులు, మూలుగలోని స్టెమ్ సెల్స్ రక్తంలోకి వచ్చేలా జీసీఎస్‌ఎఫ్ అనే ఇంజెక్షన్లు ఉంటాయి, వాటికి నడుం ఎముకలు లాగేస్తున్నాయని నాన్న రాత్రంతా మంచమ్మీద కూర్చునే ఉండేవారు. సెల్స్ తీయడం మాత్రం మిషన్ పక్కన గంటల తరబడి పడుకోవడమే, నొప్పేం లేదు.

రాత్రిడ్యూటీ: నేను ఈ వార్డులో నర్సునండి. మెల్ఫలాన్ ఎక్కేటప్పుడు నోట్లో ఐస్ ముక్కలు పెట్టుకోమంటారు, అమ్మగారు చలేస్తోంది వద్దన్నా మానిపించకండి, నోటి పుండ్లు బాగా తగ్గుతాయి. సెల్స్ ఎక్కించాక ఒకట్రెండు రోజులు ఒంట్లోంచి వెల్లుల్లి లాంటి వాసనొస్తుంది, ఫ్రీజింగ్‌కి కలిపే డీఎంఎస్‌ఓ వల్ల, కంగారుపడొద్దు.

వెన్నెల: రక్తకణాల కౌంట్స్ ఎన్నాళ్ళకి పెరుగుతాయండి?

బాటసారి: మాకు 12వ రోజు. అంతకుముందు రోజూ పొద్దున్నే రిపోర్టులో సున్నా, సున్నా... ఆ రోజు న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు, 300 అని చూసి కారిడార్‌లోనే ఏడ్చేశాను. ఒకటి మాత్రం దాచను, మైలోమా మళ్ళీ తిరిగొచ్చే జబ్బే, ఇది టైమ్ ఇస్తుంది. ఆ టైమ్‌లో నాన్న మనవరాల్ని ఎత్తుకున్నారు.

కొత్తమెంబర్: మధ్యలో అడుగుతున్నా, మా అత్తయ్య మోకాళ్ళకి పొట్ట కొవ్వులోంచి స్టెమ్ సెల్స్ తీసి వేస్తాం, సొంతవే కాబట్టి ప్రమాదమే లేదు అంటున్నారు ఒక క్లినిక్‌లో. ఇదీ అదేనా?

రాత్రిడ్యూటీ: కాదండి, అసలు సంబంధం లేదు. మైలోమాకి ఇది ఏళ్ళ తరబడి నిలబడ్డ వైద్యం, మోకాళ్ళకి ఇంకా రుజువు కాలేదు. సొంతవైతే ప్రమాదం లేదన్నదీ తప్పే, అమెరికాలో ముగ్గురు ఆడవాళ్ళకి ఇలాగే సొంత కొవ్వులోంచి తీసినవి రెండు కళ్ళకీ ఒకేరోజు ఇంజెక్ట్ చేస్తే చూపు పోయింది, 2017లో మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ట్రయల్ అని చెప్పి మళ్ళీ డబ్బులు కట్టమంటే మాత్రం దయచేసి ఇంకో డాక్టర్‌కి చూపించండి.

వెన్నెల: రేపు డాక్టర్‌ని కలుస్తున్నాం. ఇంకేం అడగాలి?

బాటసారి: రెండుసార్లకి సరిపడా సెల్స్ ఒకేసారి తీసి ఉంచుతారా అని అడగండి. నాన్నవి ఇంకో బ్యాగు ఇప్పటికీ ఫ్రీజర్‌లో ఉంది.