చెన్నైలో తెలుగు నాటకం వేస్తున్నామని ఊరికి ఎలా తెలియజేయాలి?

ప్రశ్న: పెరంబూరు నుంచి ఒక నాటక సమాజ కార్యదర్శి

నమస్కారం. పెరంబూరు, అయనావరం ప్రాంతాల తెలుగువారం పన్నెండేళ్లుగా నడుపుకుంటున్న ఒక ఔత్సాహిక నాటక సమాజానికి నేను కార్యదర్శిని. మాలో రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి విరమించినవారు, బడి పంతుళ్లు, ఇద్దరు ముగ్గురు కళాశాల విద్యార్థులు ఉన్నారు. ఏడాదికి రెండు నాటకాలు వేస్తాం. ఒక్కోదానికి మూడు నెలలు రిహార్సల్సు చేస్తాం. నటనలోనో రంగాలంకరణలోనో లోటు ఉందంటే దిద్దుకోగలం గాని, మమ్మల్ని బాధిస్తున్నది అది కాదు. మొన్నటి నాటకానికి 400 కుర్చీల మందిరం అద్దెకు తీసుకుంటే 130 మంది వచ్చారు. తెర సందులోంచి చూస్తే, నేను పేరు పెట్టి పిలవలేని ముఖాలు పదికి మించి కనబడలేదు. తక్కినవారంతా నటుల బంధువులు, పాత సభ్యులు, వారి ఇరుగుపొరుగువారు.

ప్రచారం చేయలేదని కాదు. 500 ఆహ్వాన పత్రికలు అచ్చువేయించి పంచాం. వాట్సాప్ గ్రూపుల్లో పది రోజుల ముందు నుంచి రోజూ పెట్టాం. మందిరం గోడకు యజమాని అనుమతితో ఒక ఫ్లెక్సీ కట్టించాం. అంతా చక్కని తెలుగులోనే ఉంది. అయినా నాటకం ముగిశాక సామాను ఆటోలోకి ఎక్కిస్తుండగా, ఆ గోడ పక్కన పూలమ్మే ఆవిడ నన్ను ఆపి, “ఏం సామీ, పొద్దుగూకులూ ఈడనే కూచోనుంటాను, లోపల మన తెలుగు నాటకమని ఎవురూ చెప్పలేదే” అన్నది. ఆమె తలకు రెండడుగుల పైన మా ఫ్లెక్సీ ఇంకా కట్టే ఉంది. ఆమె ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, చదువుకున్న నాలుగు తరగతులు మాత్రం తమిళంలో చదివింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరో పది వారాల్లో వరకట్నం మీద ఒక సాంఘిక నాటకం వేయబోతున్నాం. గంటా నలభై నిమిషాల నిడివి. ప్రచారానికి 30 వేల రూపాయలు పక్కన పెట్టుకున్నాం. మా పరిచయాల గిరి దాటి బయటివారికి, వీలైతే తమిళులకు కూడా, ఈ సంగతి చేరాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రవేశం ఉచితంగా ఉంచాలా, టికెట్టు పెట్టాలా అన్నది కూడా మాలో తేలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1: మైలాపూరు నుంచి, ఒక సభకు పదేళ్లు ప్రచార బాధ్యత చూసిన సభ్యుడు

కార్యదర్శి గారికి నమస్కారం. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ పూలమ్మే ఆవిడే చెప్పింది. ఈ నగరంలో తెలుగు మాట్లాడేవారందరూ తెలుగు చదవగలరని మనం అనుకుంటున్నాం. విజయనగర రాజుల కాలంలో, ఆ తరువాత నాయక రాజుల కాలంలో ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో తరతరాలుగా ఇంటి భాష తెలుగు, బడి భాష తమిళం. 2006లో చేసిన చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయ్యాక, నిన్నమొన్న ఆంధ్ర నుంచి వచ్చినవారి పిల్లల్లో కూడా తెలుగు అక్షరాలు రానివారు పెరుగుతున్నారు. వీళ్లంతా మీ నాటకంలోని ప్రతి మాటకూ నవ్వగలరు, ఏడవగలరు. మీ కరపత్రం మాత్రం చదవలేరు. కాబట్టి ముందు తమిళ లిపిలో తెలుగు మాటలు రాయండి. ఇది తమిళ అనువాదం కాదు. “తెలుగు నాటకం, కుటుంబమంతా రండి” అన్న తెలుగు వాక్యాన్నే తమిళ అక్షరాల్లో పెద్దగా పైన వేసి, దాని కింద తెలుగు లిపిలో వివరం ఇవ్వాలి.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ప, ఫ, బ, భ నాలుగింటికీ అంతే. మాట తెలిసినవారైతే సరిగా పలుకుతారు, తెలియనివారు మాట మొదట్లో పరుషంగానే చదువుతారు. మా సభలో ఒకసారి “గాలి” అన్న మాటతో మొదలయ్యే పేరున్న నాటిక వేశాం. గోడపత్రిక చూసిన ఒక తమిళ మిత్రుడు దాన్ని “కాలి” అని చదివాడు. తమిళంలో ఆ మాటకు ఖాళీ అని అర్థం. మందిరం ఖాళీ అని మేమే చాటుకున్నట్టు అయింది. అప్పటి నుంచి అచ్చుకు పంపే ముందు, తెలుగు రాని ఒకరి చేత పేరును బిగ్గరగా చదివించి వింటున్నాం.

కరపత్రంలో సభాధ్యక్షుల పేర్లు, ముఖ్య అతిథుల బిరుదులు మూడు వంతుల స్థలం తినేయడం మన పాత అలవాటు. దారిన పోయేవారికి అవి అక్కరలేదు. కథ దేని గురించి, ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, పిల్లలను తీసుకురావచ్చా, పెద్దవారు మెట్లెక్కవలసి ఉంటుందా, టికెట్టు ఎంత, ఏ బస్ స్టాపులో దిగాలి, సందేహం వస్తే ఎవరికి ఫోను చేయాలి అన్నవి చూడగానే కనబడాలి. పెద్దల పేర్లు లోపల పంచే కరపత్రంలో వేసుకోవచ్చు; అక్కడ చదివే తీరిక ఉంటుంది.

పంచడం గురించి ఒక మాట. 500 పత్రికలు తెలిసినవారికి ఇస్తే అవి పిలుపులు అవుతాయే గాని ప్రచారం కాదు. వార్తాపత్రికలు వేసే ఏజెంటుతో మాట్లాడి, మందిరానికి నడిచి రాగల వీధులకు మాత్రం పత్రికల్లో పెట్టించండి. అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డులు, పక్కనున్న గుళ్లు, శాఖా గ్రంథాలయాలు, మద్రాసు విశ్వవిద్యాలయంలోని తెలుగు శాఖ వంటి చోట్లకు మనిషి స్వయంగా వెళ్లి ఇవ్వాలి. మైలాపూర్ టైమ్స్, మాంబళం టైమ్స్ వంటి పేటల వారపత్రికలకు కనీసం రెండు వారాల ముందు, పది వాక్యాలు మించని సమాచారం, రిహార్సల్సులో తీసిన ఒక మంచి ఫొటో పంపండి. వరుసగా నిలబడిన నటబృందం ఫొటో కాక, ఒక ఘట్టం జరుగుతున్న ఫొటో అయితే వేసే అవకాశం ఎక్కువ.

గోడలకు అంటించే పని మాత్రం పెట్టుకోకండి. బహిరంగ స్థలాలను పాడుచేయడాన్ని నిషేధిస్తూ 1959 నుంచే ఈ రాష్ట్రంలో చట్టం ఉంది. రోడ్డు మీద బ్యానర్ల జోలికి అసలే పోవద్దు. 2019 సెప్టెంబరులో పళ్లికరణై దగ్గర అనుమతి లేని ఒక బ్యానరు స్కూటరు మీద వెళ్తున్న అమ్మాయిపై పడి ఆమె ప్రాణం పోయింది. నాటకం పేరు అలాంటి దానికి తగులుకోకూడదు.

జవాబు 2: పాత మహాబలిపురం రోడ్డు వైపు నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

నమస్కారమండీ. పై పెద్దాయన లిపి గురించి చెప్పినది అక్షరాలా నిజం. మా ఆఫీసులో నా పక్క సీటు అబ్బాయి తెలుగువాడని రెండేళ్ల తరువాత, వాళ్లమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే తెలిసింది. అతనికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

నేను వాట్సాప్ గురించి, టికెట్టు గురించి చెబుతాను. పది రోజులు రోజూ అదే బొమ్మ గ్రూపుల్లో పెడితే చూసేవారు విసిగి గ్రూపునే మ్యూట్ చేస్తారు. పైగా ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని వాట్సాప్ ఒక్కసారికి ఒక్కరికే పంపనిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చుకోవచ్చు గాని, మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవారికి మాత్రమే అది చేరుతుంది. అంటే తెలియనివారికి అది పోనే పోదు. అందుకని ఫార్వర్డులు మానేసి, నటుల్లో ప్రతి ఒక్కరూ తమకు తెలిసినవారిలో ఇంతవరకు నాటకానికి రాని పదిమందికి పేరు పెట్టి, తమ మాటల్లో, విడిగా రాయండి. “శేఖరమామ వేషంలో మా నాన్న ఎలా ఉంటాడో చూడాలి, నువ్వు రావాలి” అని ఒక అమ్మాయి తన స్నేహితురాలికి రాసిన మాటకు ఉన్న బలం ఏ బొమ్మకూ ఉండదు. నేను మొదటిసారి తెలుగు నాటకానికి వెళ్లింది అలాంటి మాట మీదే.

దానికి తోడు ఒక్క చిన్న వీడియో చాలు. ముహూర్తం మాటలు, ఉపన్యాసాలు వద్దు. నాటకంలో కట్నం మాట మొదటిసారి వచ్చే చోట ఇద్దరి మధ్య నడిచే సంభాషణ నలభై సెకన్లు తీసి, ఫోనును నిలువుగా పట్టుకుని చూసేలా, కింద తమిళంలో మాటలు వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టండి. ధ్వని శుభ్రంగా లేకపోతే పెట్టకపోవడమే మేలు.

ఉచితం గురించి నా అభిప్రాయం గట్టిది. ఉచితమంటే తప్పక వస్తామనేవారు ఎక్కువ, వచ్చేవారు తక్కువ. ఆ సాయంత్రం వాన పడినా, క్రికెట్టు ఉన్నా మానేస్తారు. వంద రూపాయలు పెట్టి కొనుక్కున్నవారు బయలుదేరతారు. అంతకన్నా ముఖ్యమైన లాభం మరొకటి ఉంది. బుక్‌మైషో వంటి చోట టికెట్టు పెడితే, ఈ వారాంతం ఊళ్లో ఏముందని వెతికే అపరిచితులకు మీ నాటకం కనబడుతుంది. వారు తీసుకునే కమిషనును ప్రచార ఖర్చుగానే లెక్కవేసుకోండి.

ఇక అన్నిటికన్నా పెద్ద మార్పు, నా దృష్టిలో, ఒకే ప్రదర్శన కాకుండా శని, ఆదివారాల్లో వరుసగా రెండు వేయడం. నాటకానికి అసలు ప్రచారం చూసివచ్చినవారి నోటి మాట. ఒక్క రాత్రితో ముగిసే నాటకం ఎంత బాగుందని చెప్పుకున్నా విన్నవారు చేయగలిగిందేమీ లేదు. “అయ్యో, తెలియలేదే” అంటారు, అంతే. రెండో రోజు ఉంటే శనివారం వచ్చిన 130 మందీ మీ ప్రచారకులు అవుతారు. మందిరం అద్దె పెరుగుతుందన్నది నిజమే. 400 కుర్చీల మందిరానికి బదులు 180 కుర్చీల చిన్న మందిరం రెండు రోజులకు తీసుకోండి. నిండిన చిన్న మందిరంలో నటులకు వచ్చే ఊపు వేరు. ఆదివారం ప్రదర్శన సాయంత్రం నాలుగింటికి పెడితే మా వైపు వారు కూడా చీకటి పడకముందే ఇల్లు చేరగలం. డిసెంబరు మాత్రం వద్దు. మార్గళి కచేరీల్లో మునిగి ఉన్న ఊరికి ఇంకేమీ వినబడదు.

జవాబు 3: టి.నగరు నుంచి, యాభై ఏళ్లుగా వేషాలు కడుతున్న నటుడు

అయ్యా కార్యదర్శి గారూ, తమిళులకు కూడా, అని మీరు కాస్త వెనుకాడుతూ రాశారు. వెనుకాడవలసిన పని లేదు. 1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్లారి సరస వినోదిని సభను తీసుకుని ఈ నగరానికి వచ్చి నాటకాలు ఆడారు. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. చదువుకున్నవారు, ఉద్యోగాల్లో ఉన్నవారు ముఖానికి రంగు వేసుకుని గౌరవంగా ఆడటం చూసి కదిలిపోయిన పమ్మల్ సంబంధ ముదలియార్, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రవాడు, అదే ఏడు సుగుణ విలాస సభను స్థాపించారు. ఔత్సాహిక తమిళ నాటకానికి తల్లివేరు వంటి ఆ సభ ఒక తెలుగు బృందాన్ని చూసి పుట్టింది. ఆ ముందు వరుసల్లో కూర్చున్న తమిళులకు తెలుగు ప్రతి మాటా అర్థమై ఉంటుందని నేను అనుకోను. ఆట అర్థమైంది, అది చాలు.

కాబట్టి తమిళ నాటక బృందాలవారిని పేరుపేరునా పిలవండి. కాగితం పంపి ఊరుకోకుండా వారి నాటకానికి ముందు మీరు వెళ్లండి, టికెట్టు కొని చూడండి, ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్లి అభినందించి, అప్పుడు మీ పత్రిక చేతికివ్వండి. నేను అలా పిలిచినవారిలో రానివారు తక్కువ. వచ్చినవారికి ఒక పేజీలో రంగాలవారీగా కథాసారం తమిళంలో ఇవ్వండి. వరకట్నం కథ అంటున్నారు గనుక అంతకు మించి వివరించనక్కరలేదు. ఆ బాధకు భాష అడ్డు రాదు.

టికెట్టు విషయంలో ఆ అమ్మాయితో ముప్పాతిక వంతు ఏకీభవిస్తాను. తక్కిన పాతిక వంతు ఇది: మందిరం ఉన్న వీధిలో పూలమ్మేవారికి, ఇస్త్రీ చేసేవారికి, టీకొట్టు వారికి, ఆటో స్టాండు వారికి మీరే వెళ్లి టికెట్టు అచ్చుకాగితం ఇవ్వండి. పాసు అని రాయకండి. కుర్చీ నంబరు వేసిన టికెట్టే ఇవ్వండి. మూడో వరుసలో ఇవ్వండి, చివరి వరుసలో కాదు. వారు దానం పుచ్చుకున్నట్టు కాక ఆటకు వచ్చినట్టు కూర్చోవాలి. ఆ వీధిలో అడ్రసు అడిగే ప్రతి మనిషికీ దారి చెప్పేది వారే.

మరొకటి. ఆగస్టు 22కు అటూ ఇటూగా మద్రాసు పుట్టినరోజు వారం జరుగుతుంది. పేటల్లో నడకలు, ఉపన్యాసాలు, ప్రదర్శనలు పెడతారు. ఎవరైనా తమ ఇంటి అరుగు మీద కూడా కార్యక్రమం పెట్టుకోవచ్చు. మీ తరువాతి నాటకం ఆ ప్రాంతంలో పడేట్టయితే పది నిమిషాల ఘట్టం ఒకటి తెర లేకుండా, మైకు లేకుండా అక్కడ ఆడి చూపండి. 1639 నుంచి ఈ ఊళ్లో మన మాట వినబడుతూనే ఉందని చెప్పడానికి అంతకన్నా మంచి సందర్భం లేదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం కార్యవర్గం కూర్చుని మీ జవాబులు చదువుకుంది. చిన్న మందిరంలో రెండు రోజులు, ఆదివారం నాలుగింటికి, టికెట్టు వంద రూపాయలు అని నిర్ణయించాం. కొత్త మందిరం కూడా అదే వీధిలో దొరికింది. అధ్యక్షుల వారి పేరు కరపత్రం మీది నుంచి తీయడానికి ఆయనే ముందుగా ఒప్పుకున్నారు.

ఈ ఉదయం తమిళ లిపిలో రాసిన నాటకం పేరును పట్టుకుని పూలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఎనిమిదో తరగతి చదివే ఆమె కూతురు, పూల దండ కడుతూనే, దాన్ని కూడబలుక్కుని చదివింది. రెండో మాట తప్పు పలికింది. అదేమిటని నేను తెలుగులో చెబితే, “ఓ, అదా, అయితే ఇట్లా రాయండి” అని నా కలం తీసుకుని, పలుకు సరిగా వచ్చేలా ఆ మాటను తమిళ అక్షరాల్లో తానే తిరగరాసి ఇచ్చింది. ఆ కాగితాన్ని అలాగే అచ్చుకు పంపుతున్నాను. శనివారం మూడో వరుసలో 7, 8 నంబర్ల కుర్చీలు వారి పేరున రాసి ఉంచాం.