నాన్న హెచ్‌ఎంటీకి ఎంత బెల్టు వేయాలి? ఈ "సగం లెక్క" నిజమేనా?

పెన్నా_గట్టు (నెల్లూరు):
నాన్న జనతా వాచీ బీరువాలోంచి తీసి కీ ఇస్తే శుభ్రంగా నడుస్తోంది. బెల్టు మాత్రం పట్టుకుంటేనే పొడిపొడిగా రాలిపోయింది. ట్రంకు రోడ్డులో ఒక షాపుకి తీసుకెళ్తే "ఆ సైజు లేదు సార్, ఇది సరిపోద్ది" అని సన్నటి నల్ల బెల్టు వేసిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే రెండు పక్కలా సందులో బెల్టుని వాచీకి పట్టి ఉంచే పిన్ను మెరుస్తోంది. మా పిల్లాడి స్కేలుతో కొలిచా. పిన్ను దూర్చే కొమ్ముల మధ్య 18 మిల్లీమీటర్లు, బెల్టు 16, కేసు (డయల్ చుట్టూ ఉండే డబ్బా) అడ్డం 35. మా బావమరిది ఏమంటాడంటే, బెల్టు ఎప్పుడూ కేసులో సగం ఉండాలంట. 35లో సగం పదిహేడున్నర, కాబట్టి 16 అయినా 18 అయినా ఒకటేనంట. ఇంకొకరేమో 20 తోలు బెల్టు తెచ్చి అంచులు కోసి వేస్తే దర్జాగా ఉంటుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఒంగోలు_గిత్త:
సగం లెక్క తప్పేం కాదు బ్రదర్. 36 వాచీకి 18, 40కి 20. రోలెక్స్ సబ్‌మెరైనర్ చాలా ఏళ్లు 40 కేసు, 20 బెల్టుతోనే వచ్చింది. అంతకన్నా సన్నం వేస్తే పెద్ద తలకి బక్క మెడ పెట్టినట్టుంటుంది. మీ బావమరిది లెక్క కరెక్టే, "16 అయినా ఒకటే" అన్నాడు చూడండి, అక్కడ జారాడు.

కీ_వాచీ_మాష్టారు (కావలి):
గిత్త గారూ, ఆ లెక్క వాచీ కొనేటప్పుడు కంటికి ఆనుతుందా లేదా చూసుకోడానికి పనికొస్తుంది. బెల్టు కొనడానికి కాదు. వాచీ చేతికొచ్చాక వెడల్పు నిర్ణయించేది మనం కాదు, ఆ కొమ్ముల మధ్య సందు. ఒమేగా స్పీడ్‌మాస్టర్ 42 కేసు, సందు 20. సీకో ఎస్‌కేఎక్స్ ఇంచుమించు అంతే కేసు, సందు 22. రెండూ అందంగానే ఉన్నాయి కదా, సగం లెక్క ఏ వాచీకి సరిపోయినట్టు?

అందం సంగతి అట్లా ఉంచండి. పెన్నా గట్టు గారూ, బెల్టుతో పాటు ఆ షాపతను 16 పిన్నులే వేశాడేమో ముందు చూడండి. నా అనుభవం చెప్తా. ఇట్లాగే 18 సందులో 16 పిన్ను వేసి ఇచ్చారు నాకు. పిన్ను మొనలు చిల్లుల అంచున అంటీ అంటనట్టు నిలబడతాయి. నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజు బస్సులో పైన కమ్మీ పట్టుకుంటే వాచీ జారి కింద పడింది. అద్దం పగిలింది, అదృష్టం బాగుండి లోపల మిషను బతికింది.

మైపాడు_గాలి:
తోలు మాటే వద్దంటాను నేను. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఉక్కకి తోలు బెల్టు రెండు వారాల్లో కంపు కొడుతుంది. నైలాన్ వేసుకోండి, సాయంత్రం ఉతికి ఆరేస్తే పొద్దునకి రెడీ. వెడల్పు గురించి ఇంత టెన్షన్ కూడా అక్కర్లేదు. 1973లో బ్రిటన్ రక్షణ శాఖ ఖాయం చేసిన బూడిద రంగు నైలాన్ బెల్టు వెడల్పు 20. దాన్నే 18 సందులో కూడా దూర్చి వాడుకున్నారు. సైనికులకి లేని బాధ మనకెందుకు?

ఒంగోలు_గిత్త:
గాలి తమ్ముడూ, నైలాన్ నలుగుతుంది, ముడుచుకుని కూర్చుంటుంది. తోలు అట్లా కాదు. 20 తోలుని 18కి కోస్తే కుట్టు తెగుతుంది, కోసిన అంచులోంచి చెమట దిగి పొర విడిపోతుంది. కోయకుండా తోస్తే కొమ్ముల లోపలి వైపు రుద్దుకుంటుంది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీనే 2016లో మూతపడింది, కేసు పాడైతే కొత్తది యాడ తెస్తారు?

మాష్టారు గారి మాటకి ఒప్పుకుంటున్నా, సందుని బట్టే బెల్టు. కానీ నా మాట పూర్తిగా పోలేదు. కొమ్ముల దగ్గర 18 ఉన్నా, బకిల్ దగ్గర ఎంత ఉండాలో మన చేతిలోనే ఉంది కదా. 35 లాంటి చిన్న వాచీకి చివరిదాకా 18 ఉంటే పలకలా కనపడుతుంది. 18తో మొదలై 16కి, సన్న మణికట్టయితే 14కి దిగేది అడగండి.

కీ_వాచీ_మాష్టారు:
ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. మందం కూడా చూడండి. జనతా పలచటి వాచీ, నాలుగైదు మిల్లీమీటర్ల మందం తోలు వేస్తే బెల్టు ముందు కనపడుతుంది, వాచీ తర్వాత.

ఉదయగిరి_చెంచా:
సందు కనపడితే పరువు పోతుందా ఏంది? 1964 బాండ్ సినిమాలో షాన్ కానరీ రోలెక్స్‌కి బెల్టు సన్నమే, పక్కన పిన్ను కనపడుతూనే ఉంటుంది. ఆ చారల బెల్టుని ఇప్పటికీ డబ్బులిచ్చి మరీ కొంటున్నారు జనం.

ఒంగోలు_గిత్త:
కానరీ కాబట్టి చెల్లింది అన్నా.

పెన్నా_గట్టు:
మాష్టారు గారి పోస్టు చదివి వెంటనే మంచం మీద దుప్పటి పరిచి వాచీ పెట్టా. గోటితో పిన్నుని ఒక పక్కకి తోస్తే చాలు, రెండో మొన చిల్లులోంచి ఊడి బయటికొచ్చింది. సూది కూడా అవసరం పడలేదు. మూడు రోజులుగా దీన్ని పెట్టుకునే బైకు నడుపుతున్నా! 18 పిన్నులు, 18 నుంచి 16కి దిగే గోధుమ రంగు తోలు బెల్టు ఆర్డరు పెట్టా. ఎండాకాలానికి ఒక 18 నైలాన్ కూడా. మా బావమరిదికి పిన్ను చూపిస్తే, "నేను చెప్పింది డయల్ సంగతి, పిన్ను సంగతి కాదు" అంటున్నాడు.