బెంగళూరు తెలుగు ఆడవాళ్ళ షుగర్: నింద వంటింటి మీద వేస్తే సరిపోతుందా?

సర్జాపూర్_రోడ్:
ఇక్కడి తెలుగువాళ్ళ మధ్య ఎక్కడ ఆరోగ్య శిబిరం పెట్టినా ఒక మాట వస్తుంది: "మీ సంస్కృతే, అంటే మీ అన్నం, మీ పండగలు, మీ ఉపవాసాలే మీకు షుగర్ తెస్తున్నాయి." గరిటె ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది కాబట్టి వాళ్ళనే గట్టిగా అంటారు. నేను ఒప్పుకోను. లండన్ సౌతాల్‌లో స్థిరపడ్డ మన ఉపఖండం వాళ్ళని పరీక్షించి 1991లో ప్రచురించిన ఫలితాల్లో, అక్కడి తెల్లవాళ్ళకంటే షుగర్ ఎన్నో రెట్లు ఎక్కువ కనబడింది. వాళ్ళలో ఎక్కువమంది పంజాబీలు, రొట్టె తినేవాళ్ళు. అన్నమే దోషి అయితే వాళ్ళకెందుకొచ్చినట్టు? పొట్ట చుట్టూ కొవ్వు చేరే ఒంటి తీరు, ఊరు మారాక తగ్గిన కదలిక, ఇవే అసలు కారణాలని నా వాదన.

గిన్నె_గ్రాములు (డైటీషియన్):
ఒంటి తీరు నిజమేనండీ, కానీ పళ్ళేన్ని దాని చాటున దాచకండి. 21 దేశాల మీద జరిగిన అధ్యయనం 2020లో వచ్చింది. రోజుకి 450 గ్రాములు, ఆపైన తెల్లన్నం తినేవాళ్ళకి, 150 గ్రాముల లోపు తినేవాళ్ళకంటే షుగర్ ముప్పు ఎక్కువ. దక్షిణాసియాలో ఆ తేడా 61 శాతం. 450 గ్రాముల అన్నమంటే దాదాపు 160 గ్రాముల బియ్యమే. పప్పుకి, కూరకి, చారుకి, పెరుగుకి విడివిడిగా వడ్డించుకునే ఇంట్లో మధ్యాహ్నానికే చాలావరకు అయిపోతుంది.

బియ్యం తూచి పొయ్యెక్కించండి. పూటకి మనిషికి 60 గ్రాములు పోస్తే 160–180 గ్రాముల అన్నం వస్తుంది. కూర, పప్పు ముందు తిని తర్వాత అన్నం కలుపుకోవాలి. పెరుగు విడిగా గిన్నెలో తినొచ్చు. తిన్నాక 10–15 నిమిషాలు నడవాలి. ఇంకో పొరపాటు రాగి జావ. చిరుధాన్యం కదా అని మెత్తటి పిండితో పలచగా కాచి గ్లాసు నిండా తాగితే కడుపుకి అరిగించే పనేం మిగలదు, చక్కెర వేగంగా ఎక్కుతుంది. రాగి తినాలనుంటే చిన్న ముద్ద, పక్కన పప్పుకూర.

అనంతపురం_మెట్ట:
సంస్కృతి అంటున్నారు, ఎప్పటి సంస్కృతి? మా మెట్ట ఊళ్ళలో ఒకప్పుడు జొన్న, కొర్ర, రాగి సంగటి రోజువారీ తిండి, వరన్నం పండక్కి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పేదింటికి ఆకలి భయం తగ్గింది, దాన్ని తక్కువ చేయను. అయితే మెట్ట ధాన్యం పళ్ళెంలోంచి తప్పుకోవడంలో దాని పాత్ర ఉంది. బెంగళూరుకి కట్టడం పనికొచ్చిన ఆడమనిషికి చవగ్గా దొరికేదీ బియ్యమే. కూరగాయలు కొనుక్కోవాలి, షెడ్డులో పొయ్యి ఒక్కటే. "పళ్ళెంలో సగం కూరలు" అని ఆమెకి చెప్పి చేతులు దులుపుకోవడం అన్యాయం.

గిన్నె_గ్రాములు:
న్యాయమైన మాట. దానికి ఒకటి కలుపుతాను. షెడ్డు కానీ, వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ కానీ, అందరికీ పెట్టి ఆఖర్న తినేది ఆమే. అప్పటికి కూర అడుగంటుతుంది, అన్నం, చారు మిగిలి ఉంటాయి. పారేయడం ఎందుకని అదీ తినేస్తుంది. ఆ ఇంట్లో పప్పూ కూరా ఉన్నా ఆమె పళ్ళెంలో ఉండవు. వంట దించగానే ఆమె వాటా పప్పు, కూర వేరే గిన్నెలో తీసి పెట్టేయాలి. సంస్కృతిలో మార్చాల్సింది ఏదైనా ఉంటే మొదట ఇది.

కాన్పు_వార్డు (నర్సు):
తిండి దగ్గరే ఆగిపోతున్నారు. నా దృష్టిలో పెద్ద కన్నం పురిటి దగ్గర పడుతోంది. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళకి తర్వాత టైప్ 2 (మామూలుగా పెద్దల్లో కనబడే షుగర్) వచ్చే ముప్పు మిగతావాళ్ళకంటే 7 నుంచి 10 రెట్లు. కాన్పయ్యాక 6–12 వారాల మధ్య మళ్ళీ పరీక్ష చేయించాలి. వలస వచ్చిన అమ్మాయి విషయంలో ఏమవుతుందంటే, ఏడో నెలలో బెంగళూరు ఆసుపత్రిలో షుగర్ తేలుతుంది, పురిటికి గుంటూరో కడపో పుట్టింటికి వెళ్తుంది. ఫైలు ఇక్కడ, కాన్పు అక్కడ. అక్కడివాళ్ళు బిడ్డ బాగుందని పంపేస్తారు, ఇక్కడివాళ్ళకి ఆమె మళ్ళీ కనబడదు. ఈలోగా బాలింతని కదలనివ్వరు, నెయ్యి, బెల్లం కలిపిన కాయం (బాలింత మందు) పెడతారు.

బిడ్డకి 6, 10, 14 వారాల టీకాలు ఎలాగూ వేయించాలి. 10 వారాల టీకా రోజే తల్లి పరీక్ష పెట్టుకోండి. రాత్రి భోజనం తర్వాత 8 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. ముందు రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి 5 నిమిషాల్లో తాగాలి. 2 గంటల తర్వాత మళ్ళీ రక్తం. ఆ 2 గంటలూ కూర్చోవాలి, బిడ్డనెత్తుకుని వరండాలో తిరిగితే లెక్క తప్పుతుంది. వాంతి అయితే ఇంకోరోజు మళ్ళీ చేయాలి. పరగడుపున 126, 2 గంటలకి 200, వీటిలో ఏది చేరినా, దాటినా షుగర్ కిందే చూస్తారు, లక్షణాలు లేకపోతే మరోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. పరగడుపున 100–125, 2 గంటలకి 140–199 అంటే అంచున ఉన్నట్టు. గర్భంలో తిన్నాక కూడా గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష ఒకటుంది, అందులో 2 గంటలకి 140 చేరినా, దాటినా గర్భం షుగర్ అంటారు. దాంతో దీన్ని కలిపేసి టిఫిన్ తినేసి వస్తున్నారు.

సర్జాపూర్_రోడ్:
ఫైలు సంగతి నేను ఆలోచించలేదు, అది ఒప్పుకోవాల్సిందే. తిండి మీద మాత్రం నా సందేహం పోలేదు. 2006లో ప్రచురితమైన మన దేశపు షుగర్ నివారణ ట్రయల్‌లో, అంచున ఉన్నవాళ్ళకి తిండి, నడక మార్పించినా 3 ఏళ్ళలో 39 శాతం మందికి షుగర్ వచ్చింది.

గిన్నె_గ్రాములు:
మార్పించని గుంపులో 55 శాతం మందికి వచ్చింది కదండీ. నూటికి 16 మంది తప్పించుకున్నారు. దాన్ని వదులుకుందామా?

అనంతపురం_మెట్ట:
మూడు నెలల షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, ఒక్కసారి రక్తమిస్తే అయిపోతుంది. 2 గంటలు కూర్చోలేని కూలిమనిషికి అది చాలదా?

కాన్పు_వార్డు:
బాలింతకి చాలదు. కాన్పులో రక్తం పోయి ఉంటుంది, కొత్త రక్తకణాలు పుడుతుంటాయి, అంకె అసలుకంటే తక్కువ చూపించొచ్చు. ఐరన్ లోపం ఉంటే అసలుకంటే ఎక్కువ చూపించొచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి ఇది అరుదైన సంగతి కాదు. 2 గంటలు అసలే కుదరకపోతే పరగడుపు రక్తమైనా ఇప్పించండి, దాంతోపాటు హిమోగ్లోబిన్ కూడా. అందులో తేడా లేకపోయినా, వీలు చిక్కినప్పుడు 2 గంటల పరీక్ష చేయించాల్సిందే. ఆపైన 1–3 ఏళ్ళకోసారి. పుట్టింటికి బయల్దేరేముందు గర్భం షుగర్ రిపోర్టు ఫొటో తల్లి ఫోన్‌లోనూ భర్త ఫోన్‌లోనూ ఉండాలి, బిడ్డ టీకా కార్డు మొదటి పేజీ మీద "తల్లికి 75 గ్రా. పరీక్ష, 10వ వారం" అని పెన్నుతో రాయించండి.