వంగతోటకు తేనెటీగల పెట్టెలు అవసరమా? తుమ్మెదలు చాలవా?

మెట్టరైతు: ఎకరం వంగ వేశాను. పూత బాగుంది, కాయ నిలవడం లేదు. ఇటలీ తేనెటీగల పెట్టెలు అద్దెకు పెట్టుకోమంటున్నారు. పెట్టమంటారా?

పెరటిమందారం: దండగ. వంగపువ్వు మధ్యలో పచ్చటి గొట్టాలు చూడండి, పుప్పొడి వాటిలోనే ఉంటుంది. బయటికి రావడానికి కొసన సూదిమొనంత కన్నాలే దారి. తుమ్మెద వాటిని కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా జుమ్మని అదిరిస్తుంది. పుప్పొడి దాని పొట్ట మీదికి రాలుతుంది. నీలిచారల తేనెటీగా అంతే. పెట్టెలో ఈగకు ఆ విద్య రాదు.

పెట్టెలబాబు: పొద్దుతిరుగుడులో మా పెట్టెలు పెట్టిన రైతుల్ని అడగండి, గింజ ఎలా నిండిందో. తుమ్మెదలట! మా వసారా దూలాన్ని తూట్లు పొడిచాయి. పైగా దొంగలు. గొట్టంపూల అడుగున గాటు పెట్టి, పుప్పొడి తాకకుండా తేనె తాగి పోతాయి.

పెరటిమందారం: పొద్దుతిరుగుడు ఎవరడిగారు? వంగపువ్వులో తేనే ఉండదు, దొంగిలించడానికి ఏముంది?

చినుకు: మా పందిరి వెదుళ్లూ తొలిచాయి 😀

పెట్టెలబాబు: తేనె లేని పువ్వుకు తుమ్మెద ఎందుకొస్తుందండీ? పుప్పొడి గాలికే రాలుతుంది.

పెరటిమందారం: గాలికి కొంత రాలుతుంది, కాదనను. తుమ్మెద వచ్చేది పిల్లలకు పుప్పొడి పట్టుకెళ్లడానికి. తేనెకు గట్టు మీది జిల్లేడు దగ్గరికి పోతుంది. గట్టు చెక్కేసి, జిల్లేడు పీకేసి, ఎండుకొమ్మలు తగలబెట్టి, కాయ నిలవలేదంటే ఎలా? మెట్టరైతు గారూ, మీ గట్టు ఎలా ఉంది?

మెట్టరైతు: నున్నగా ఉంది.

పెరటిమందారం: ఇంకేం, చేజేతులా చేసుకున్నారు.

మెట్టరైతు: పెరట్లో నాలుగు మొక్కలు పెంచి నీతులు చెప్పకండి. నాది కౌలు. గట్టున కంప కనబడితే పాములు చేరతాయని, వచ్చే ఏడు వేరేవాడికి ఇస్తానని ఆసామి బెదిరిస్తాడు. జిల్లేడు ఉంచితే చేను ఉంటుందా నాకు?

పెట్టెలబాబు: అందుకే పెట్టెలు. చేను మారితే మీతోపాటే వస్తాయి.

పెరటిమందారం: వస్తాయి, వంగపువ్వును మాత్రం అదిరించవు. కౌలని ముందే చెప్పాల్సింది. ఆసామి వినకపోతే పూతలో మందన్నా చీకటి పడ్డాక కొట్టండి.

పాతకాపు: కీలం, అంటే పుప్పొడి అందుకునే నడిమి కాడ, పొట్టిగా, గొట్టాల లోపలే ఉండిపోయిన పూలయితే ఏ ఈగ వచ్చినా కాయ పడడం కష్టం. ముందు పువ్వు విప్పి చూశారా?

మెట్టరైతు: రేపు చూస్తాను. పంపుసెట్టు గది చూరుకు వెదురుముక్కలు కడితే తుమ్మెదలు చేరతాయా? అక్కడయితే ఆసామి పట్టించుకోడు.

చినుకు: మా పందిరికి చేరాయిగా. వాన తగలకుండా కట్టండి.