‘వుల్ఫ్ టికెట్లు అమ్ముతున్నాడు’ని తెలుగులో ఏమందాం?

అడిగినవారు (విజయవాడ): అందరికీ నమస్తే. ఒక పాత అమెరికన్ బాక్సర్ ఇంటర్వ్యూకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. అందులో ఆయన తన ప్రత్యర్థి గురించి ‘వాడు వుల్ఫ్ టికెట్లు అమ్ముతున్నాడు, నేనొకటి కొంటాను’ అంటాడు. మెషీన్‌కి ఇస్తే తోడేలు టికెట్లు అని వచ్చింది. ‘ప్రగల్భాలు పలుకుతున్నాడు’ అని రాశాను గానీ తృప్తిగా లేదు, పైగా ఆ ‘కొంటాను’ అన్నదాన్ని ఏం చేయాలో తెలియక రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది.

జవాబు (గుంటూరు): మంచి ప్రశ్న అమ్మా. ఇది నల్లజాతి అమెరికన్ల వాడుకలోంచి వచ్చిన మాట. వుల్ఫ్ టికెట్ అనీ అంటారు, వుఫ్ టికెట్ అనీ అంటారు. వుఫ్ అంటే కుక్క మొరుగుడు. వుల్ఫ్‌లో ‘ల’ పలక్కపోతే అదీ వుఫ్ లాగానే వినిపిస్తుంది కాబట్టి రెండు రూపాలూ నిలిచాయి. ‘వుఫింగ్’ అనే మాట కూడా వాళ్ల వాడుకలో ఉంది, ఎదుటివాడి మీదకి నోరు చేసుకోవడం అని. కాబట్టి తోడేలును వదిలేయండి, ఇక్కడ పని మొరుగుడుతోనే, మనకూ ‘మొరిగే కుక్క కరవదు’ ఉండనే ఉంది. వాడు టికెట్ అమ్మడమంటే ‘నీ అంతు చూస్తా’ అని బెదిరించడం. ఇవతలివాడు కొనడమంటే ‘సరే, రా చూద్దాం’ అని ఆ బెదిరింపును పరీక్షకు పెట్టడం.

ప్రగల్భాలు ఎందుకు సరిపోలేదంటే, మనకు ఆ మాట వినగానే ఉత్తర కుమారుడు గుర్తొస్తాడు. ఆయన గొప్పలు చెప్పుకున్నది అంతఃపురంలో, ఆడవాళ్ల ముందు, సారథి ఒక్కడుంటే కౌరవుల పని పడతానని. శత్రువు అక్కడ లేడు. తీరా సేనను చూడగానే రథం దూకి పరుగు తీశాడు, బృహన్నల వెంటపడి పట్టుకోవాల్సి వచ్చింది. వుల్ఫ్ టికెట్ అలా చాటున అమ్మేది కాదు. ఎదుటివాడి మొహం మీదే అనాలి, వాడు జంకాలన్నదే ఉద్దేశం. అందుకే కోతలు కోయడం, డాంబికాలు, గొప్పలకు పోవడం, ఇవేవీ అతకవు. వాటిలో గొప్ప ఉంది గానీ బెదిరింపు లేదు.

నా ఓటు ‘తాటాకు చప్పుళ్లు’కి. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదురుతాయా అని సామెత. మన రాజకీయ సభల్లో ఇప్పటికీ ‘ఇలాంటి తాటాకు చప్పుళ్లకు బెదిరేది లేదు’ అంటుంటారు. ఇంకో పోలిక కూడా గమనించండి. నేను తాటాకు చప్పుళ్లు చేస్తున్నానని ఎవరూ తమ గురించి చెప్పుకోరు, అవతలివాడినే అంటారు. వుల్ఫ్ టికెట్ కూడా అంతే, ఎదుటివాడి మాటలో పస లేదని తేల్చేసినవాడి నోటి మాట.

మరొకరు (విజయవాడ): మాస్టారూ, మరి ట్రాష్ టాక్ అన్నా ఇదే కదండీ? ముహమ్మద్ అలీ చేసింది అదే కదా.

జవాబు (గుంటూరు): రెండూ దగ్గరివే గానీ ఒకటి కాదు. ట్రాష్ టాక్ అంటే ఆటకు ముందూ ఆటలోనూ ప్రత్యర్థిని మాటలతో కదిలించడం, ఆ మాట నిలబెట్టుకోగలవాడూ అంటాడు, లేనివాడూ అంటాడు. అలీ ఇంకా కాషియస్ క్లేగా ఉన్న రోజుల్లో, 1962లో, ఆర్చీ మూర్‌ను నాలుగో రౌండ్‌లో పడగొడతానని ముందే చాటాడు, మూర్‌కీ ఫోర్‌కీ ప్రాస కలిపి మరీ. నవంబరు 15న లాస్ ఏంజిలిస్‌లో నాలుగో రౌండ్‌లోనే ఆట ముగించాడు. చెప్పి కొట్టినవాడి మాటను తాటాకు చప్పుడని ఎలా అంటాం?

మన వైపూ అలాంటి వాళ్లున్నారు. రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులమని తెలియజెప్పడానికే మీసాలు పెంచామని తిరుపతి వేంకట కవులు పద్యం చెప్పారు, ఆ మాటకు తగ్గట్టు అవధానాలూ చేసి చూపించారు. వాళ్లకు ఎదురు నిలిచింది మన నరసరావుపేట దగ్గరి కొప్పరం నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు, ఆశువుగా పద్యాలు గుప్పించడంలో గొప్ప దిట్టలు. ఆ రెండు జంటల మధ్య నడిచిన వాదం గురించి గుంటూరులో సాహిత్యం తెలిసిన పెద్దలు ఇప్పటికీ పక్షం పట్టి మాట్లాడతారు. అటూ ఇటూ సత్తా ఉన్నవాళ్లే, అందుకే అది సవాలు అయింది. నాకు ఆ తగవు అంటే చాలా ఇష్టం, చదవని వాళ్లు తప్పక చదవండి.

ఇంకొకరు (తెనాలి): తాటాకు చప్పుళ్లు ఇప్పటి పిల్లలకు తెలుస్తుందా అండీ? ‘బిల్డప్ ఇస్తున్నాడు’ అంటే పోయేది.

జవాబు (గుంటూరు): బిల్డప్‌లో ఆర్భాటమే కనిపిస్తుందండీ. పెళ్లిలో ఖరీదైన వాచీ పెట్టుకుని తిరిగేవాడూ బిల్డప్ ఇస్తున్నట్టే, వాడు ఎవరినీ బెదిరించడం లేదు కదా. పిల్లలకు తెలియదని మనమే వాడడం మానేస్తే వాళ్లకు తెలిసే దారి ఏది? సబ్‌టైటిల్ మంచి దారి, పక్కన మనిషి మొహం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అర్థం దానంతటదే అందుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. రష్యన్‌లో కూడా ‘తోడేలు టికెట్’ అనే మాట ఉంది. జార్ల కాలంలో చదువుకో ఉద్యోగానికో పనికిరాడని ముద్ర వేసి చేతికిచ్చే కాగితం అది. నెట్‌లో వెతికితే అదీ ఎదురవుతుంది, ఈ అర్థానికి దాన్ని ముడిపెట్టకండి.

అడిగినవారు (విజయవాడ): చాలా థ్యాంక్స్ మాస్టారూ. ‘కొంటాను’ అన్నచోట ‘అమ్మడం’ పోలిక వదిలేసి ఇలా రాశాను: ‘వాడివన్నీ తాటాకు చప్పుళ్లు. రమ్మను, నేను ఇక్కడే ఉన్నా.’ లైన్‌లో అక్షరాలు కూడా సరిపోయాయి.

జవాబు (గుంటూరు): బాగుందమ్మా. ‘నేను ఇక్కడే ఉన్నా’ బదులు ‘తేల్చుకుందాం’ అంటే ఇంకా పదును వస్తుంది. బాక్సర్ గొంతు విన్నది మీరు కాబట్టి ఏది నప్పుతుందో మీరే చూసుకోండి.