తాతయ్యకు వినబడక పుట్టే నవ్వులు: నొప్పించకుండా నవ్వుకోవడం ఎలా?

ప్రశ్న
కోర్లగుంట కోడలు, తిరుపతి

మా మామయ్యకు డెబ్బై ఆరేళ్లు. కొన్నేళ్లుగా ఆయనకు వినికిడి తగ్గుతూ వస్తోంది. విన్నంతవరకు విని, వినబడని భాగాన్ని ఊహతో పూరించి ఆయన చెప్పే సమాధానాలకు మా ఇల్లంతా నవ్వుతుంది. తిరుపతిలో కాపురమున్న వాళ్లకు తెలిసినదే, దర్శనానికి వచ్చే చుట్టాలతో మా ఇల్లు ఏడాదిలో సగం రోజులు నిండుగానే ఉంటుంది. ఈమధ్య మామయ్య అన్న కొడుకు అనంతపురం నుంచి వచ్చి, మూడు వందల రూపాయల దర్శనం సంగతి తెలుసుకుందామని "చిన్నాయనా, టికెట్టు దొరికిందా?" అని అడిగాడు. "బిస్కెట్టా? అలమరలో డబ్బా ఉంది, తీసుకో నాయనా, మొగమాటమెందుకు" అన్నారు మామయ్య. మా చిన్నవాడు బడి నుంచి వచ్చి "తాతా, చెప్పు తెగింది" అంటే, "అప్పు తీరిందా? మంచి మాట చెప్పినావు, మీ నాయనకు ఇంక నిద్ర పడుతుంది" అని వాడి తల నిమిరారు.

మొదట్లో ఆయన కూడా మాతో కలిసి నవ్వేవారు. ఇప్పుడు మాత్రం చుట్టాలు వస్తే పలకరించి, "మీరు మాట్లాడుకోండి" అని వసారాలోకి వెళ్లిపోతున్నారు. అది చూసి మావారు, తాత మాటలకు ఎవరూ నవ్వకూడదని పిల్లలను గట్టిగా మందలించారు. దాంతో పిల్లలు, నవ్వు వస్తుందేమోనన్న భయంతో తాతతో మాట్లాడడమే తగ్గించేశారు. మా అత్త అయితే "నవ్వితే ఏమి? ఇంటి పెద్ద, ఆయన మాటకు కాక ఎవరి మాటకు నవ్వుతారు?" అంటుంది. నాకు ఇద్దరి మాటల్లోనూ న్యాయం కనిపిస్తోంది. ఆయన మనసు నొవ్వకుండా ఇంట్లో ఈ నవ్వు నిలవాలంటే ఏమి చేయాలి? చెవి మిషను మాట ఎత్తితే "అది పెట్టుకుంటే ఊరంతా చెవిటోడంటారు" అని మాట మార్చేస్తున్నారు.

జవాబు 1
పలమనేరు మాస్టారు

అమ్మా, మీ ఇంట్లో నవ్వును నిషేధించవలసిన పని లేదని నా గట్టి అభిప్రాయం. నిషేధం వలన ఏమి జరిగిందో మీరే రాశారు, నవ్వుతోపాటు మాట కూడా పోయింది. అరుగు మీద కూర్చున్న ముసలాయనకు, మనవళ్లు నవ్వడం కంటె వాళ్లు పలకరించకపోవడమే పెద్ద శిక్ష.

అయితే మీ అత్తగారి మాటను కూడా కొంచెం సవరించుకోవాలి. మీ తిరుపతిలో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది గదా. వేషం కట్టినవాడు ఎదురుపడిన ఎవరినైనా బూతులు తిట్టడం అక్కడ ఆచారం, తిట్టు తిన్నవాడు నొచ్చుకోడు. ఎందుకంటే అక్కడ పెద్దా చిన్నా తేడా లేకుండా అందరికీ ఒకటే వరస, పైగా వేషం వేసినవాడు తన ఇష్టంతో, మొక్కుతో వేసినాడు. ఇంట్లో వినబడని మనిషి విషయం అలా కాదు. ఆయన ఆ వేషాన్ని కోరుకోలేదు, వారమంతా గడిచినా దాన్ని విప్పి పక్కన పెట్టలేడు, ఇంటిల్లిపాదిలో ఆ వరస ఆయన ఒక్కడికే వస్తోంది. కాబట్టి అవతలివాళ్లు ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలిసిందా లేదా అన్నది ఒక్కటే మీరు చూసుకోవలసినది. నవ్వు రాగానే, ఎవరైనా ఒకరు ఆయన ఎదుటికి వచ్చి, "వాడు చెప్పు తెగిందన్నాడు, మీరు అప్పు తీరిందన్నారు" అని ఆ క్షణంలోనే చెప్పేయాలి. అప్పుడు ఆయనకూ నవ్వు వస్తుంది, ఎందుకంటే అది నిజంగా మంచి హాస్యం.

ఇంకొక మాట. హాస్యానికి ఆయన వస్తువు కావడమే కాకుండా, కర్త కూడా కావాలి. డెబ్బై ఆరేళ్ల తిరుపతి మనిషి దగ్గర కథలకు కొదవ ఉండదు. ఒంటికి తెల్లసుద్ద పూసుకొని బైరాగి వేషం, మరునాడు కుంకుమతో బండ వేషం, ఆ మరునాడు బొగ్గుతో తోటి వేషం కట్టి వీధులు తిరిగిన రోజులు ఆయనకో, ఆయన స్నేహితులకో ఉండే ఉంటాయి. రాత్రి సంగటి తినేటప్పుడు మనవళ్ల చేత ఆ కథలు అడిగించండి. ఆయన చెబుతూ ఉంటే వినవలసిన పని మీది, తక్కువ వినవలసినది ఆయన. వినికిడి తగ్గిన పెద్దవాళ్లకు సంభాషణలో దొరికే సులువైన స్థానం అదే. కూటి దగ్గర ఒక పూటంతా ఆయన కథకు నవ్విన పిల్లలు, మరునాడు బిస్కెట్టు మాటకు నవ్వినా ఆయనకు అంత పట్టింపు ఉండదు.

మీవారిని కూడా తప్పుపట్టకండి. తండ్రిని కాచుకోవాలన్న ప్రేమే ఆయన చేత పిల్లలను అదిలించింది.

జవాబు 2
వినికిడి పరీక్షలు చేసే వృత్తి నాది, తిరుపతి

మాస్టారి మాటలతో ఏకీభవిస్తూ, "అప్పు", "బిస్కెట్టు" ఎక్కడి నుంచి వస్తున్నాయో చెబుతాను. ఈ సంగతి తెలిస్తే పిల్లల నవ్వులో తేడా వస్తుందని నా అనుభవం.

వయసుతో వచ్చే వినికిడి లోపంలో లోపలి చెవిలో ఉండే సన్నని రోమ కణాలు దెబ్బతింటాయి, అవి మళ్లీ మొలవవు. ముందుగా పోయేది హెచ్చు స్థాయి ధ్వనులను, అంటే సన్నగా, కీచుగా ఉండే వాటిని పట్టుకునే శక్తి. అచ్చులు బలంగా, కింది స్థాయిలో ఉంటాయి గనుక అవి చెవిన పడుతూనే ఉంటాయి. స, చ, త, క వంటి హల్లులు బలహీనమైనవి గనుక జారిపోతాయి. అంటే మీ మామయ్య "చెప్పు" అన్న మాటలో "ఎప్పు" లాంటిదేదో విని, మిగిలినదాన్ని తన మనసులో ఉన్న విషయంతో పూరిస్తున్నారు. కొడుకు అప్పు గురించి ఆయనకు బెంగ ఉందేమో చూడండి. ఇంటికి వచ్చినవాడికి ముందు తినడానికేదైనా పెట్టాలన్న ఆలోచన ఉండబట్టే టికెట్టు బిస్కెట్టయింది. తప్పుగా విన్న మాటల్లో కూడా ఆయన మంచితనం ఎంతగా బయటపడుతోందో నాకు చాలా ముచ్చటగా అనిపించింది.

"నాకు వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు" అని పెద్దలు చెప్పేది అక్షరాలా నిజం. అందువలన అరవడం వలన లాభం లేదు. అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి, హల్లులు అలాగే ఉంటాయి, పైగా కోప్పడుతున్నట్లు కనిపిస్తుంది. ఎదురుగా, వెలుతురులో, పెదవులు కనబడేలా నిలబడి, కొంచెం నిదానంగా మాట్లాడండి. మామూలు మాట సుమారు 60 డెసిబెళ్లు ఉంటే వంటింటి మిక్సీ 80 దాటుతుంది. మిక్సీ తిరుగుతున్నప్పుడు, టీవీ మోగుతున్నప్పుడు ఆయనను ఏదీ అడగకండి. ఒకసారి చెప్పిన మాట అందకపోతే అదే మాటను మళ్లీ మళ్లీ చెప్పకుండా, "కాలి చెప్పు, వారు తెగింది, కుట్టించాలి" అని వాక్యం మార్చి చెప్పండి. చుట్టూ సందర్భం దొరికితే ఆయన మిగిలినది సరిగ్గా ఊహిస్తారు.

పరీక్ష తప్పకుండా చేయించండి. ముందు చెవిలో గులిమి పేరుకుందేమో వైద్యులు చూస్తారు, కొందరికి అది తీయగానే తేడా తెలుస్తుంది. రుయా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. కాలో చెయ్యో విరిగితే ఒక్క పూట ఆగకుండా పుత్తూరు కట్టుకు పరుగెత్తే మన ప్రాంతం వాళ్లం, చెవి మందగిస్తే మాత్రం వయసని చెప్పి ఏళ్ల తరబడి ఊరుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 25 మందికి పైగా, రోజువారీ జీవితానికి అడ్డుపడేంత వినికిడి లోపం ఉంది. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017 లోనే, వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపు జబ్బుకు మనం నివారించగల కారణాల్లో వినికిడి లోపాన్ని చేర్చింది. నలుగురిలో నుంచి లేచి వసారాలోకి వెళ్లిపోవడాన్ని అందుకే తేలికగా తీసుకోవద్దంటున్నాను.

ఖర్చు సమస్య అయితే, 60 ఏళ్లు దాటి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు లేదా నెలకు 15,000 రూపాయలకు మించని ఆదాయం గలవాళ్లకు కేంద్ర ప్రభుత్వపు రాష్ట్రీయ వయోశ్రీ పథకం కింద వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు. ఈ పథకాన్ని 2017 ఏప్రిల్ 1న మన పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాలో ప్రారంభించారు.

జవాబు 3
గ్రీమ్స్‌పేట అవ్వ, చిత్తూరు

నేను మీ మామయ్య వైపు నుంచి రాస్తున్నాను, ఎందుకంటే నాకూ రెండు చెవులకూ మిషన్లున్నాయి. పాలు పొంగిపోతున్నాయని కోడలు వంటింట్లో నుంచి కేకేస్తే, కాలు వంగిపోతోందంటోందని నేను కొబ్బరినూనె గిన్నెతో వెళ్లిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి నాకు ఏనాడూ బాధ కలగలేదు. కోడలు ఆ గిన్నె చూసి నవ్వింది, నవ్వుతూనే నా చెయ్యి పట్టుకొని పొయ్యి చూపించింది.

నాకు బాధ కలిగించిన మాట వేరే ఉంది. అందరూ పక్కున నవ్వినప్పుడు "ఏమంటున్నారే?" అని అడిగితే, "ఏం లేదులే అవ్వా" అంటారు. ఆ "ఏం లేదులే" విన్నప్పుడల్లా, ఆ గదిలో నేను లేనట్లే అనిపించేది. పిల్లలు దురుద్దేశంతో అనరు, మళ్లీ చెప్పడానికి ఓపిక లేక అంటారు. కానీ దాన్ని రోజుకు పదిసార్లు వింటే, అడగడం మానేసి మనమే లేచి వెళ్లిపోతాం. మీ మామయ్య వసారాలోకి వెళ్లడానికి కారణం అదే అయి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. కాబట్టి తల్లీ, పిల్లలకు నవ్వొద్దని చెప్పకండి, "ఏం లేదులే" అనొద్దని చెప్పండి. ఎంత చిన్న మాటైనా, ఎంత పనికిమాలిన మాటైనా మళ్లీ చెప్పాలి. అవసరమైతే పలక మీద రాసి చూపించాలి. మా మనవరాలు సెల్‌ఫోనులో పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తుంది, అదీ బాగానే ఉంది.

మిషను గురించి ఆయనకు ఒక మాట చెప్పండి. కళ్లద్దాలు పెట్టుకున్నవాణ్ణి ఎవరూ గుడ్డివాడని పిలవరు. పెట్టుకున్న కొత్తలో గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు కూడా పెద్దగా వినబడి చిరాకు పుడుతుంది, అది సహజం. రోజూ కొంతసేపు, ఒక్కరితో మాట్లాడేటప్పుడు పెట్టుకొని, వారాల మీద అలవాటు చేసుకోవాలి. తొలిరోజే పెళ్లికో, చుట్టాలు నిండిన ఇంట్లోకో తీసుకువెళ్తే ఆ డబ్బా మళ్లీ తెరవరు.

కోర్లగుంట కోడలు

ముగ్గురికీ నమస్కారాలు. అవ్వగారూ, మీరు రాసిన "ఏం లేదులే" అన్న మాటను మా ఇంట్లో అందరం అంటాం, నేటి నుంచి అది ఆగుతుంది. పిల్లలకు హల్లుల సంగతి చదివి వినిపించాను. పెద్దది వెంటనే చెవుల్లో దూది పెట్టుకొని, తమ్ముడి చేత మాటలు చెప్పించుకుంది. టీవీ మోగుతుంటే ఒక్క ముక్క కూడా సరిగ్గా అందలేదని అదే వచ్చి చెప్పింది. పరీక్షకు మామయ్యను ఎలా ఒప్పించాలన్నదే ఇక మిగిలింది. ఆయనకు తెలియకుండా, వేరే పని ఉందని చెప్పి తీసుకువెళ్లవచ్చా?

వినికిడి పరీక్షలు చేసే వృత్తి నాది, తిరుపతి

అలా చేయవద్దమ్మా. ఆ పరీక్షలో శబ్దం వినబడినప్పుడల్లా ఆయన తన ఇష్టంతో వేలెత్తి చూపించాలి, మోసపోయానన్న కోపంతో ఉన్న మనిషి ఆ పని సరిగ్గా చేయలేడు. అదీగాక ఇంట్లో వాళ్లు తనకు చెప్పకుండా ఏదో అనుకుంటున్నారన్న అనుమానం వినికిడి తగ్గినవాళ్లకు ముందే ఉంటుంది, దానికి మనం సాక్ష్యం ఇచ్చినట్లవుతుంది. ఆయన మాట వినే ఒక్కరు, మీ అత్తగారైతే మరీ మంచిది, ఉదయంపూట ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, "మనవళ్ల మాట మీకు సరిగ్గా అందాలని అడుగుతున్నాను" అని సూటిగా అడగమనండి. వీలైతే అత్తగారు కూడా తన చెవులు చూపించుకోవచ్చు, ఆ వయసులో ఆమెకూ పరీక్ష అవసరమే. ఇద్దరూ కలిసి వస్తే, ఎవరికి ఎంత వినబడుతోందో కాగితం మీద పక్కపక్కన గీసి చూపిస్తాం.