రౌతు దళం ‘తిరగడం’ అంటే ఏ తిరగడం?

తార్నాక నుంచి:
బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధపు ఆటల్లో గుర్రపు దళాల నియమాలను ఒక పేజీ తెలుగు పట్టికగా రాస్తున్నాను. వార్‌హామర్ ఫాంటసీ 6, 7 కూర్పుల పద్ధతి. పేచీ అంతా ‘తిరుగు’ అనే ఒక్క మాట దగ్గరే వస్తోంది. ఇంగ్లిషు నియమాల్లో వీల్, టర్న్, రీఫార్మ్ అని మూడు వేర్వేరు పనులున్నాయి. వీల్‌లో ముందు వరుస ఒక కొస ఉన్నచోటే ఉంటుంది, రెండో కొస విల్లులా చుట్టి వస్తుంది. ఆ పై కొస (బయటి కొస) నడిచినంత దూరం కదలికలోంచి, అంటే దళం ఒక విడతలో నడవగల దూరంలోంచి పోతుంది. టర్న్‌లో ప్రతి బొమ్మా నిలబడ్డ చోటే పక్కకో వెనక్కో మొహం మారుస్తుంది. దానికి కదలికలో నాలుగో వంతు ఖర్చు. రీఫార్మ్ అంటే దళం వరుసలన్నీ కొత్తగా పేర్చుకోవడం. మామూలు దళానికి ఆ వంతులో (ఆటగాడి విడతలో) ఉన్న కదలిక మొత్తం అందులోనే పోతుంది, తేలిక గుర్రాలకు మాత్రం ఉచితం. శత్రువు మీదికి దూకేటప్పుడు మొదటిది మాత్రమే చెల్లుతుంది. మూడింటికీ ‘తిరగడం’ అని రాస్తే చదివినవాడు పక్కకు టర్న్ చేసి పైన పడతానంటాడు, ఆట ఆగిపోతుంది. ‘చక్రభ్రమణం’ లాంటివి వద్దు. నోట్లో తిరిగే మాట కావాలి. ఇంకొకటి, పట్టిక మకుటంగా ‘రౌతు కొద్దీ గుర్రం’ అని పెట్టవచ్చా?

బొల్లారం నుంచి:
వీల్‌కు మాట మన కళ్లంలనే ఉన్నది. వడ్లు తొక్కించేటప్పుడు గుంజ పాతి, ఎద్దులను పక్కపక్కన ఒక్క వరుస కట్టి తిప్పుతరు. ఆ వరుస పేరే బంతి. గుంజ పక్కనున్న ఎద్దు దాదాపు ఉన్నకాడనే అడుగులేస్తది, చివరి ఎద్దు ఉరుకుతది. మీ నియమంల కదలని కొస గుంజ, పై కొస బొమ్మ చివరి ఎద్దు. ఇంతకన్న సరిగ్గ అతికే మాట దొరకదు. ‘బంతి తిప్పు’ అని రాయండి.

మెహదీపట్నం నుంచి:
పోలిక బాగా అతికింది. లెక్క కూడా దాంతోనే అర్థమవుతుంది. గుర్రపు బొమ్మ పీట వెడల్పు 25 మిల్లీమీటర్లు. ఐదుగురు రౌతులు ఒక వరుసలో ఉంటే 125. అంటే బంతి పొడవు 125, చివరి ఎద్దు నడిచే దారి ఆ వ్యాసార్ధంతో గీసిన వృత్తంలో ముక్క. 90 డిగ్రీలకు 125 × 1.571, అంటే 196 మి.మీ., సుమారు 7.7 అంగుళాలు. మామూలు గుర్రం కదలిక 8 అంగుళాలు, 203 మి.మీ. పూర్తిగా పక్కకు తిరిగేసరికి చేతిలో మిగిలేది 7 మిల్లీమీటర్లు. నలుగురినే వరుసలో నిలిపితే అదే మలుపు 157 మి.మీ.తో అయిపోతుంది, 46 మిగులుతుంది. వరుస వెడల్పు పెంచితే కొట్టే చేతులు పెరుగుతాయి, తిరగడం బరువవుతుంది. గుర్రాల దళాన్ని ఐదు వెడల్పుతో పేర్చేవాళ్లు ఈ ఖర్చు ముందే చూసుకోవాలి.

గుర్రానికి కవచం ఉంటే కదలిక 7 అంగుళాలే, 178 మి.మీ. అక్కడ ఐదుగురి వరుస 81 డిగ్రీలు దాటాక ఆగిపోతుంది. గొడవ పుట్టేది ఇక్కడే. చాలామంది పై కొస మొదట ఉన్న చోటు నుంచి చివర చేరిన చోటుకు టేపు తిన్నగా పట్టి కొలుస్తారు. తిన్నగా కొలిస్తే 90 డిగ్రీలకు 177 మి.మీ. వస్తుంది, 178లో సరిపోయినట్టే కనిపిస్తుంది. వంపు వెంట కొలిస్తే 196 కావాలి. ఒకే మలుపు, ఒక కొలతలో చెల్లుతుంది, ఇంకో కొలతలో చెల్లదు. పెద్ద మలుపును 30 డిగ్రీల చొప్పున మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను తిన్నగా కొలిచి కలపండి. 194 వస్తుంది, అసలుకు దాదాపు దగ్గర. ఆట మొదలుకాకముందే ఇద్దరూ ఈ కొలత ఒప్పుకోవాలి. నా మట్టుకు ఈ వాక్యం పట్టికలో మాటల కంటే పైన ఉండాలి.

నల్లకుంట నుంచి:
‘బంతి తిప్పు’ అనగానే ఇప్పటి పిల్లలకు తోచేది స్పిన్ బౌలింగ్. బంతి అంటే వరుస అనే అర్థం ఇప్పుడు ‘బంతిభోజనం’లోనే మిగిలింది. ‘బారు తిప్పు’ అంటే? బారులు తీరడం అందరికీ తెలుసు.

బొల్లారం నుంచి:
తిప్పుడు అనే మాట దగ్గరనే చిక్కయితే ‘మలుపు’ అనండి. మా దిక్కు బండిని మలుపుతరు, నాగలిని మలుపుతరు. కానీ బంతిని వదలొద్దు. బారు అంటే నిలబడ్డ వరుస. బంతి అంటే ఒకదానికొకటి కట్టేసిన వరుస. వీల్‌ల నడిమి బొమ్మ వరుస తప్పి ముందటికి రాదు కదా. ఆ కట్టు అర్థం బారుల లేదు.

తార్నాక నుంచి:
‘బంతి మలుపు’. నామవాచకంగానూ కుదిరింది, ఆజ్ఞగానూ కుదిరింది. టర్న్‌కు ‘మొహం మార్పు’, రీఫార్మ్‌కు ‘కొత్త మోహరం’ అనుకుంటున్నాను. ఇక ఛార్జ్, అంటే శత్రువు మీదికి దూకడం, దాని మాటేమిటి? ‘దాడి’ మరీ వెడల్పైన మాట, బాణాలతో కూడా దాడి చేయవచ్చు.

నల్లకుంట నుంచి:
‘తాకు’. పాత కావ్యభాషలో ఒక సేన ఇంకో సేనను తాకడమంటే పైనబడి యుద్ధం మొదలుపెట్టడం. మామూలు మాటలో తాకడమంటే అంటుకోవడం. వరద తాకిడి అన్నప్పుడు రెండర్థాలూ కలిసే వినిపిస్తాయి. మీ నియమానికీ ఈ రెండూ కావాలి కదా: పీటకు పీట అంటుకుంటేనే దూకినట్టు, అర అంగుళం ముందు ఆగితే అది తాకుడు కాదు. నాకు తెలిసి ఇంగ్లిషు మాటలో ఈ సౌకర్యం లేదు. తప్పిన ఛార్జ్‌ను ‘తాకని తాకుడు’ అనకుండా ‘అందని తాకుడు’ అనండి.

మెహదీపట్నం నుంచి:
తాకుడులో కదలిక రెట్టింపు: కవచం లేని గుర్రానికి 16 అంగుళాలు, ఉన్నదానికి 14. దారిలో చేసే బంతి మలుపు కూడా అందులోంచే పోతుంది. ఐదుగురి వరుస 30 డిగ్రీలు మలిగితే 2.6 అంగుళాలు పోతాయి, 14లో 11.4 మిగులుతుంది. ఎదురుగా 13 అంగుళాల దూరంలో ఉన్న శత్రువు తిన్నగా అయితే అందుతాడు, అంతే దూరంలో పక్కవాటంగా ఉంటే అందడు. కాబట్టి బరువు గుర్రాల దళాన్ని ముందు వంతులోనే, తర్వాత తాకబోయే దిక్కుకు మొహం పెట్టి నిలపాలి. తాకే వంతులో మలపాల్సి వస్తే ముందు వంతులో నిలిపిన తీరు తప్పని అర్థం.

కవచపు గుర్రాలకు ‘పక్కెర గుర్రాలు’ అంటే బాగుంటుంది. గుర్రపు కవచానికి పక్కెర మన పాత మాటే.

నల్లకుంట నుంచి:
పారిపోవడానికి ఒక్క మాట చాలదు, రెండు కావాలి. పోరులో ఓడి చెదిరిపోతే ‘విరిగింది’ అంటారు. సేన విరగడం పాత ప్రయోగమే. శత్రువు తాకుతానని చెప్పగానే కావాలని వెనుదిరిగి పోవడం వేరు, అది ‘వెన్నిచ్చు’. ఇచ్చేవాడి ఇష్టం ఆ మాటలోనే ఉంది. తేలిక గుర్రాల నియమం నిలబడేది ఈ తేడా మీదే.

మెహదీపట్నం నుంచి:
అవును, అసలు తెలివంతా అక్కడే ఉంది. కదలిక 6 అంగుళాలు మించినవాళ్లు వెన్నిస్తే మూడు పాచికలు వేసి, వచ్చినన్ని అంగుళాలు తాకేవాడికి దూరంగా పోతారు. పక్కెర గుర్రాలు 14 అంగుళాలు వస్తాయి. మీ తేలిక దళం వాళ్లకు 6 అంగుళాల దూరంలో ఉంటే తప్పించుకోవడానికి పాచికల మీద 9 గానీ పైన గానీ పడాలి. 216లో 160 వంతులు, నూటికి 74. దొరికితే దళం మొత్తం పోయినట్టే, నాలుగో వంతు ప్రమాదం మీద దాన్ని పెట్టకూడదు. 9 అంగుళాల దూరంలో ఉంటే 6 పడితే చాలు, నూటికి 95. 11 దగ్గర మూడు ఒకట్లు పడితేనే చిక్కుతారు. తాకేవాడికి కవచం లేకపోతే వాడి దూరం 16 కాబట్టి ఈ దూరాలన్నిటికీ 2 అంగుళాలు కలపండి. ఈ కూర్పుల్లో ముందుగా టేపు పెట్టి చూడనివ్వరు, దూరం కంటితోనే అంచనా కట్టాలి. అందుకే 9 అనుకున్నచోట 10 దగ్గర నిలపడం మేలు.

అందని తాకుడులో పక్కెర గుర్రాలు తమ మామూలు కదలిక 7 అంగుళాలు ముందుకొచ్చి ఆగుతాయి. ఆ ఆగే చోటు మీరు ఎంచిందై ఉండాలి. తేలిక దళాన్ని నేరుగా ఎదురుగా పెడితే వాళ్లు నేరుగానే వస్తారు, మీకు కలిసొచ్చేదేం లేదు. కాస్త పక్కవాటంగా పెడితే వాళ్లు దానివైపు మలిగి వచ్చి, తమ పక్కను మీ బరువు దళానికి చూపుతారు. వెనక మాత్రం 18 అంగుళాల ఖాళీ ఉంచుకోండి, మూడు పాచికల మీద గరిష్ఠం అదే. బల్ల అంచు దాటితే దళం ఇక రాదు.

తార్నాక నుంచి:
వెన్నిచ్చిన దళం మళ్లీ కూడుకోవడానికి పరీక్ష ఉంటుంది కదా. రెండు పాచికల మొత్తం దళం నిబ్బరం (లీడర్‌షిప్) అంకెను మించకూడదు. నిబ్బరం 7 అయితే నూటికి 58, 8కి 72, 9కి 83. కూడుకున్నాక తేలిక గుర్రాలు ఆ వంతులోనే కదలవచ్చు. కానీ తాకలేవు, ఎందుకంటే తాకుళ్లు ప్రకటించే ఘట్టం కూడుకోవడానికి ముందే గడిచిపోతుంది. ఈ వరస చాలామంది మరిచిపోతారు కాబట్టి పట్టికలో విడిగా రాస్తాను.

మకుటం సంగతి ఎవరూ చెప్పలేదు.

నల్లకుంట నుంచి:
‘రౌతు కొద్దీ గుర్రం’ అంటే ఎక్కినవాడి సత్తాను బట్టే గుర్రం నడుస్తుందని. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది’ అనేది దానికి తోడు సామెత. రౌతు సంస్కృత రాజపుత్ర శబ్దమే, ప్రాకృతంలో రావుత్త అయి మనదాకా వచ్చింది. మీ ఆటలో మాత్రం కదలిక గుర్రానిది, రౌతు కాలినడక అంకె అసలు లెక్కకే రాదు. సామెత తిరగబడినట్టుంది.

మెహదీపట్నం నుంచి:
కదలిక అంకెలో తిరగబడింది, మిగతాచోట నిలబడింది. కూడుకోవడం రౌతు నిబ్బరం. విరిగిన శత్రువును తరమకుండా ఆగడమూ రౌతు నిబ్బరమే. ఆ పరీక్ష తప్పితే గుర్రాలు మూడు పాచికల దూరం తరుముకుంటూ పోతాయి, సగటున పదిన్నర అంగుళాలు. దాంతో మీ వరుసకు దూరంగా, శత్రువు రెండో దళానికి పక్క చూపిస్తూ ఆగుతాయి. గెలిచిన దళం మరుసటి వంతులో పోయేది ఎక్కువగా ఇలాగే. తరిమితే ఎక్కడ ఆగుతామో తాకుడు ప్రకటించకముందే చూసుకోవాలి, ఎందుకంటే ఆపడం మీ చేతిలో ఉండదు. సామెత ఉంచండి.

బొల్లారం నుంచి:
ఇంకో నియమం పట్టికల కనవడలేదు. శత్రువుకు 8 అంగుళాల లోపల మన దళముంటే వాడు రెట్టింపు నడక నడవరాదు. 8 నడిచే కాలిబలం 4 మీదనే నిలుస్తది. ఐదుగురు తేలిక రౌతులు వాళ్ల వెనుక చేరితే చాలు, రెండు మూడు వంతులు ఆలస్యమవుతది. దానికి ‘పగ్గం’ అని పెట్టండి. ఇక దళానికి ‘రిసాలా’ అనొచ్చు. ఈ ఊర్ల రిసాలా బజార్ అంటే అందరెరుగుదురు, గుర్రపు దళం అనే అర్థమే మరిచిపోయిన్రు.

తార్నాక నుంచి:
పగ్గం తీసుకున్నాను, రిసాలా కూడా. పగ్గం కొలిచేది శత్రువు తన కదలిక మొదలుపెట్టే ముందు ఉన్న దూరం అని పక్కనే రాస్తాను. కదిలాక 8 లోపలికి వస్తే వర్తించదు. బంతి మలుపు దగ్గర గుంజ, ఐదు ఎద్దులు, చివరి ఎద్దు వంపు దారి, కింద 196 అంకెతో చిన్న బొమ్మ గీస్తున్నాను. కళ్లం చూడనివాళ్లకు ఆ బొమ్మ కావాలి.